ఇల్లు ఇద్దరిది, సంతకం ఒక్కరిది

నెహెమ్యా గ్రంథం ఐదో అధ్యాయం ఒక పెద్ద మొరతో మొదలవుతుంది. యెరూషలేము గోడ కడుతున్న రోజులవి. కరువులో ధాన్యం కొనుక్కోవడానికి పొలాలు, ద్రాక్షతోటలు, చివరకు ఉంటున్న ఇళ్లు కూడా కుదువ పెట్టుకున్నామని జనం గోడు వెళ్లబోసుకున్నారు. అప్పు ఇచ్చినవారు పరాయివాళ్లు కారు, సొంత సహోదరులే. గ్రంథకర్త ఇక్కడ ఒక చిన్న సంగతి మరచిపోకుండా రాశాడు. మొరపెట్టినవారిలో పురుషులతో పాటు వారి భార్యలూ ఉన్నారట (నెహెమ్యా 5:1-3). ఇల్లు కుదువలోకి వెళితే ఆ ఇంట్లో పొయ్యి వెలిగించే మనిషికి తగిలే దెబ్బ ఎలాంటిదో లేఖనం ఎరుగును.

'కుదువ' అనే మాట మన ఓరుగల్లు వైపు ఇంకా బతికే ఉంది. బంగారం కుదువ, భూమి కుదువ, ఇల్లు కుదువ. బ్యాంకు భాషలో అదే తనఖా. పిల్లల చదువుకో, ఆస్పత్రి ఖర్చుకో ఇల్లు తనఖా పెట్టడం తప్పేమీ కాదు. ఈ రోజుల్లో ఉద్యోగస్తుల్లో చాలామంది ఇల్లు కొనేదే బ్యాంకు అప్పుతో. అయితే కాపురం విడిపోయి, ఆ ఇల్లు ఎవరిదన్న తగవు తేలకముందే ఇద్దరిలో ఒకరు దాన్ని మళ్లీ తనఖా పెడితే ఏమవుతుంది? మన సంఘాల్లో ఈ సంగతి గుసగుసగా తిరుగుతుంది కానీ బయటికి రాదు. విడాకుల మాట ఎత్తడమే నామోషీ అనుకుంటాం కాబట్టి, విడాకుల వెనుక ఉన్న ఇంటి మాట అసలే ఎత్తం. ఈలోగా కాగితాలు చేతులు మారిపోతాయి.

మళ్లీ తనఖా అంటే...

ఉదాహరణకు ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. భర్త కాజీపేటలో రైల్వే ఉద్యోగి, భార్య హన్మకొండలో ఒక ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు. పదేళ్ల క్రితం బ్యాంకు అప్పుతో ఫ్లాటు కొన్నారు. రిజిస్ట్రేషను భర్త పేరు మీద జరిగింది. అప్పు కాగితాల మీద ఇద్దరూ సంతకం పెట్టారు. నెలనెలా కిస్తీలో సగం ఆమె జీతం నుంచే పోయింది. తర్వాత మనసులు విరిగాయి. భర్త బయటికి వెళ్లాడు, భార్య పిల్లలతో ఫ్లాటులోనే ఉంటోంది. పాత అప్పు ఇంకా 12 లక్షలు ఉంది. ఫ్లాటు విలువ పెరిగింది. మరో రుణ సంస్థ 30 లక్షలు ఇస్తానంది. అందులో 12 లక్షలు పాత బ్యాంకుకు వెళ్తాయి, మిగిలిన 18 లక్షలు భర్త చేతికి వస్తాయి. ఇంటి కాగితాలు పాత బ్యాంకు బీరువాలోంచి కొత్త సంస్థ బీరువాలోకి మారతాయి. దీనినే బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ అనీ, పైన వచ్చే సొమ్మును టాప్‌అప్ లోను అనీ అంటున్నారు.

చూడడానికి ఇది మామూలు లావాదేవీయే. వడ్డీ ఒక శాతమో అర శాతమో తగ్గవచ్చు కూడా. కానీ లోపల జరిగింది వేరు. నిన్నటిదాకా ఆ ఇంటి మీద 12 లక్షల భారం ఉంది, ఈ రోజు 30 లక్షల భారం ఉంది. పెరిగిన 18 లక్షలు ఒక్కరి చేతికి వెళ్లాయి. అప్పు తీరకపోతే పోయేది మాత్రం పిల్లలు నిద్రపోతున్న ఇల్లు. రేపు కోర్టు ఆ ఇంట్లో సగం ఆమెదని చెప్పినా, పంచుకోవడానికి మిగిలేది ఎంత?

ఇదే కథ తిరగబడి కూడా జరుగుతుంది. భర్త కష్టార్జితంతో భార్య పేరున కొన్న ఇంటిని, విడిపోయాక ఆమె పుట్టింటివాళ్ల వ్యాపారానికి తనఖా పెట్టవచ్చు. మగ ఆడ తేడా లేదు. ఇద్దరి చెమటతో లేచిన గోడల మీద ఒక్కరి సంతకం పడటమే ఇక్కడ సమస్య.

పెళ్లి ఉమ్మడి, ఆస్తి వేరు

పెళ్లయితే ఆస్తి దానంతట అదే ఇద్దరిదీ అవుతుందని చాలామంది అనుకుంటారు. మన రాష్ట్రంలో అలా కాదు. గోవాలో మాత్రం పోర్చుగీసు కాలం నాటి పౌర స్మృతి వల్ల, పెళ్లినాటికి వేరే ఒప్పందం రాసుకోకపోతే భార్యాభర్తల ఆస్తి ఉమ్మడిగా ఉంటుంది. మనకు మాత్రం ఎవరి పేరున రిజిస్ట్రేషను ఉందో, ఎవరి డబ్బు పెట్టారో అన్నదే లెక్క.

క్రైస్తవ స్త్రీలకు సంబంధించి ఒక పాత చట్టం ఉంది. అది 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం. ఉద్యోగంతో గాని, వృత్తితో గాని, తన చేతి నైపుణ్యంతో గాని భార్య సంపాదించిన సొమ్ము, దానిలోంచి దాచుకున్నది, దానితో కొన్నది ఆమె సొంతమని ఆ చట్టం చెబుతుంది. పెళ్లినాటికి హిందూ, ముస్లిం, బౌద్ధ, సిక్కు, జైన మతాలలో ఉన్న స్త్రీలకు అది వర్తించదని అప్పట్లో రాశారు. అంటే ముఖ్యంగా మనవంటి కుటుంబాల కోసమే వచ్చిన చట్టం. నూట యాభై ఏళ్లుగా ఉన్నా మన సంఘాల్లో ఎందరికి తెలుసు?

1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో మరో రెండు మాటలు గుర్తుంచుకోవాలి. ఉమ్మడి ఆస్తిలో ఒక భాగస్వామి తన వాటాను మాత్రమే ఇతరులకు బదిలీ చేయగలడు లేదా తనఖా పెట్టగలడు, రెండోవారి వాటా జోలికి పోలేడు (44వ సెక్షన్). ఇద్దరూ తమ తమ సొమ్ము పెట్టి ఇద్దరి పేరున కొన్నప్పుడు, ఎవరు ఎంత పెట్టారో దాన్నిబట్టి వాటా వస్తుంది. రుజువు లేకపోతే సగం సగం అని భావిస్తారు (45వ సెక్షన్). అందుకే జీతం పడిన ఖాతా పాసు పుస్తకాలు, కిస్తీ కట్టిన రసీదులు, అడ్వాన్సు ఇచ్చిననాటి చెక్కు నకళ్లు బంగారమంత విలువైనవి.

రిజిస్ట్రేషను ఒక్కరి పేరునే ఉంటే దారి కష్టమవుతుంది కానీ మూసుకుపోదు. తన సొమ్ము అందులో ఉందని రెండోవారు దావా వేసి రుజువు చేసుకోవాలి. ఆ భారం వారిదే. భార్యాభర్తల మధ్య ఆస్తి తగవులు వినే అధికారం 1984 నాటి చట్టం ప్రకారం ఫ్యామిలీ కోర్టుకు ఉంది. వరంగల్‌లో ఫ్యామిలీ కోర్టు ఉంది కాబట్టి దీనికోసం హైదరాబాద్ దాకా పోనక్కరలేదు.

ఇక్కడే మరో అపోహను తొలగించాలి. పెద్దమనుషుల సమక్షంలో స్టాంపు కాగితం మీద 'మేము విడిపోయాం' అని రాసుకుంటే విడాకులు అయిపోయినట్టు కాదు. క్రైస్తవ వివాహం 1869 నాటి విడాకుల చట్టం కింద కోర్టు డిక్రీతోనే రద్దవుతుంది. ఇద్దరూ ఇష్టపడి విడిపోయే వీలు 2001 సవరణతో ఆ చట్టంలోకి వచ్చింది. డిక్రీ రాకముందు ఇద్దరిలో ఒకరు వీలునామా రాయకుండా మరణిస్తే, 1925 నాటి వారసత్వ చట్టం ప్రకారం మిగిలినవారికి మూడో వంతు, పిల్లలకు మూడింట రెండు వంతులు వస్తాయి. కొడుకు, కూతురు అన్న భేదం లేదు. డిక్రీ వచ్చాక మాజీ జీవిత భాగస్వామికి ఆ వాటా ఉండదు, పిల్లల హక్కు మాత్రం పోదు. అయితే ఎవరి వాటా అయినా అప్పు తీరిన తర్వాతే. తనఖా భారం పెరిగిన కొద్దీ పిల్లలకు మిగిలేది తరుగుతుంది.

హేస్టింగ్స్ ఇంటి కథ

ఇలాంటి తగవు మన ఒక్క చోటే పుట్టలేదు. ఇంగ్లండులోని హేస్టింగ్స్ పట్టణంలో ఐన్స్‌వర్త్ అనే ఆయన 1957లో భార్యను, పిల్లలను ఇంట్లో వదిలి వెళ్లిపోయాడు. 1959లో ఆ ఇంటిని తాను పెట్టిన కంపెనీ పేరుకు మార్చాడు. ఆ కంపెనీ ఇంటిని నేషనల్ ప్రావిన్షియల్ బ్యాంకుకు తనఖా పెట్టింది. అప్పు తీరలేదు. ఇల్లు ఖాళీ చేయమని బ్యాంకు వచ్చి నిలబడింది. భర్త విడిచిన భార్యకు ఆ ఇంట్లో ఉండే హక్కు ఉందని అప్పీలు కోర్టు ఆమెను సమర్థించింది. కానీ 1965లో అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభ ఆ తీర్పును కొట్టివేసింది. ఆమె హక్కు భర్త మీదే గాని బ్యాంకు మీద కాదని తేల్చింది.

ఆ తీర్పు చదివి అక్కడివారు ఊరుకోలేదు. రెండేళ్లకే, 1967లో, దంపతులు కాపురమున్న ఇళ్ల గురించి పార్లమెంటు కొత్త చట్టం చేసింది. ఇల్లు భర్త పేరున ఉన్నా, అందులో ఉండే తన హక్కును భార్య ముందుగానే నమోదు చేయించుకోవచ్చు. ఆ నమోదు చూసిన బ్యాంకు ఆమెకు చెప్పకుండా అప్పు ఇవ్వడానికి జంకుతుంది. ఒక స్త్రీ ఓడిన దావా ఎందరో స్త్రీలకు తలుపు గడియ అయింది.

మన దేశంలో అలాంటి నమోదు పద్ధతి లేదు. కానీ 2005లో వచ్చి, 2006 అక్టోబరు 26 నుంచి అమలైన గృహహింస నిరోధక చట్టం ఉంది. కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కును ఆ చట్టంలోని 17వ సెక్షన్ స్త్రీకి ఇస్తుంది. 19వ సెక్షన్ కింద మెజిస్ట్రేటు ఇంకో అడుగు ముందుకు వేయగలరు. ఆ ఇంటిని అమ్మవద్దనీ, దాని మీద కొత్త భారం వేయవద్దనీ ఎదుటివారిని ఆదేశించవచ్చు. కొత్త భారం అంటే తనఖాయే. ఇల్లు అత్తమామల పేరున ఉన్నా ఆ ఇంట్లో ఉండే హక్కు అడగవచ్చునని సుప్రీంకోర్టు 2020లో సతీశ్ చందర్ అహూజా కేసులో చెప్పింది. అయితే అది తిరుగులేని హక్కేమీ కాదనీ, పెద్దవారి ప్రశాంతతను కూడా చూడాలనీ ఆ తీర్పులోనే ఉంది.

ఆలస్యం చేస్తే ఏమవుతుందో 2005 నాటి మరో తీర్పు చెబుతుంది. బెంగళూరులో ఒక అద్దె ఇంటి విషయంలో అచల ఆనంద్ అనే ఆమె సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. భర్త వదిలేసిన ఇంట్లో ఉంటున్న భార్య, ఖాళీ చేయించే దావాలో తన వాదన వినిపించవచ్చునని కోర్టు ఒప్పుకుంది. కానీ ఆమె కేసులో అప్పటికే విడాకులు అయిపోయాయి. విడాకుల ఒప్పందంలో ఇంటి గురించి రక్షణ ఏదీ లేనందున ఆ హక్కు నిలవలేదు. సంతకం చేసే రోజున ఇంటి మాట తేల్చుకోకపోతే, తర్వాత ఎంత పెద్ద కోర్టుకు వెళ్లినా చేతికి అందేది తక్కువ. విడాకుల కాగితంలో భరణం ఎంతో రాసుకుంటాం, పిల్లలు ఎవరి దగ్గరో రాసుకుంటాం. ఇంటి మీద ఉన్న అప్పు ఎవరు తీరుస్తారో, ఇల్లు ఎవరి పేరున ఎప్పటికి మారుతుందో కూడా రాసి తీరాలి.

దావా నడుస్తుండగా

ఇల్లు ఎవరిదన్న దావా కోర్టులో నడుస్తున్నప్పుడు తనఖా పెడితే? ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ దీనికి జవాబు చెబుతుంది. దావాలో ఉన్న స్థిరాస్తిని కోర్టు అనుమతి లేకుండా ఎవరికి బదిలీ చేసినా, తీర్పు వచ్చాక దానికి వారు కట్టుబడాల్సిందే. ఆ తనఖా పుట్టుకతోనే చెల్లనిదేమీ కాదు. కానీ తీర్పు ఎటు పోతే అటు పోతుంది. సుప్రీంకోర్టు 2013లో థామ్సన్ ప్రెస్ కేసులో ఈ మాటే మళ్లీ స్పష్టం చేసింది. దావా సంగతి నాకు తెలియదు అని కొత్త బ్యాంకు అన్నా లాభం లేదు.

మహారాష్ట్ర, గుజరాత్‌లలో దావా సంగతిని రిజిస్ట్రేషను కార్యాలయంలో నమోదు చేయిస్తేనే ఈ రక్షణ. మన దగ్గర ఆ షరతు లేదు. అది మేలే, చిక్కు కూడా అదే. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఈసీ తీయిస్తే పాత తనఖా కనబడుతుంది గాని, కోర్టులో ఉన్న దావా కనబడకపోవచ్చు. బ్యాంకు వకీలు ఈసీ చూసి 'అంతా సవ్యంగానే ఉంది' అని రాసి ఇవ్వవచ్చు. అందుకే ఇంట్లో ఉంటున్నవారు చేయవలసిన మొదటి పని, దావా నంబరుతో సహా పాత బ్యాంకుకు స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపి, రసీదు దాచుకోవడం. రెండో పని, తనఖా పెట్టకుండా తాత్కాలిక నిషేధ ఉత్తర్వు కోసం ఆ కోర్టులోనే అర్జీ వేయడం. మూడోది, రెండు మూడు నెలలకోసారి ఈసీ తీయించి చూసుకోవడం.

అప్పు తీరకపోతే తర్వాతి అడుగులు వేగంగా పడతాయి. కిస్తీ 90 రోజులు దాటి బాకీ పడితే ఆ ఖాతాను మొండి బాకీగా లెక్కిస్తారు. 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు 60 రోజుల గడువిచ్చి నోటీసు పంపుతుంది. అప్పటికీ కట్టకపోతే ఇంటిని స్వాధీనం చేసుకునే చర్యలు మొదలవుతాయి. మన పత్రికల్లో చిన్న అక్షరాలతో అచ్చయ్యే 'స్వాధీన ప్రకటనలు' ఇవే. వాటిని చూసి పేజీ తిప్పేస్తాం గాని, ఒక్కో ప్రకటన వెనుక ఒక్కో ఇల్లు ఉంది. స్వాధీన చర్య జరిగిన 45 రోజుల్లోగా రుణ వసూలు ట్రిబ్యునల్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. అప్పు తీసుకున్నవారే వేయాలని లేదు, ఆ చర్యవల్ల నష్టపోయే ఎవరైనా వేయవచ్చు. ఇంట్లో ఉన్న భార్య తాను అప్పు తీసుకోలేదని నోటీసును పక్కన పడేయకూడదు.

ఇంకో ముఖ్యమైన మాట. అప్పు కాగితాల మీద ఇద్దరి సంతకాలు ఉంటే, విడాకులు అయినా బ్యాంకు దృష్టిలో ఇద్దరూ బాకీదారులే. 'కిస్తీలు ఆయనే కట్టాలి' అని కోర్టు ఒప్పందంలో రాసుకున్నా, బ్యాంకు ఆ ఒప్పందంలో లేదు కాబట్టి ఇద్దరినీ అడుగుతుంది. ఆయన కట్టకపోతే ఆమె సిబిల్ స్కోరు కూడా పడిపోతుంది. జామీను ఉన్నవారి సంగతీ అంతే. పొరుగువాని అప్పుకు పూటపడితే చివరకు పడుకునే పరుపు కూడా పోతుందని సామెతల గ్రంథం ఏనాడో హెచ్చరించింది (సామెతలు 22:26-27). 1872 నాటి ఒప్పందాల చట్టం కూడా జామీనుదారుడి బాధ్యత బాకీదారుడితో సమానమనే చెబుతుంది. సంఘంలో మంచివాడని పేరున్న అన్న, తగవులో ఉన్న ఇంటి అప్పుకు మొహమాటంతో జామీను సంతకం పెట్టే ముందు రెండుసార్లు ఆలోచించాలి.

సరైన దారి ఉంది

మరి తగవు ఉన్నంత కాలం ఇంటిని ముట్టుకోకూడదా? అలా కాదు. మళ్లీ తనఖాయే కొన్నిసార్లు తగవు తీరే మార్గం అవుతుంది. పైన చెప్పిన నర్సమ్మ ఉదాహరణే తీసుకుందాం. ఇల్లు ఆమె ఉంచుకోవాలని ఇద్దరూ ఒప్పుకున్నారనుకోండి. ఫ్లాటు విలువ కట్టిస్తారు. అప్పు పోను మిగిలిన దానిలో ఆయన వాటా ఎంతో లెక్క తేలుస్తారు. ఆమె తన పేరున కొత్త అప్పు తీసుకుంటుంది. దానితో పాత అప్పు తీరుతుంది, ఆయన వాటా ఆయనకు ముడుతుంది. ఆయన తన హక్కు వదులుకుంటూ రిజిస్టర్డ్ దస్తావేజు రాసి ఇస్తాడు. పాత అప్పు కాగితాల నుంచి ఆయన పేరు కూడా తొలగిపోతుంది. ఇక్కడ కూడా అప్పు పెరిగింది. కానీ ఇద్దరికీ తెలిసి పెరిగింది, తగవు తీర్చడానికి పెరిగింది.

ఆమె జీతానికి అంత అప్పు రాకపోతే, ఇల్లు అమ్మి, అప్పు తీర్చి, మిగిలింది పంచుకోవడం రెండో దారి. ఇది మనసుకు కష్టమే. కానీ ఎవరూ కట్టలేని అప్పుతో వేలానికి పోయే ఇంటికంటే, ఇద్దరూ కలిసి అమ్మిన ఇంటికే మంచి ధర వస్తుంది. దావా నడుస్తుంటే ఈ రెండింటిలో ఏది చేసినా కోర్టుకు చెప్పి, అనుమతితో చేయాలి. తీర్పు వచ్చేదాకా ఇంట్లో ఉన్నవారు కిస్తీ ఆపకుండా కట్టి, ప్రతి రసీదు దాచుకోవాలి. కోపంతో కిస్తీ ఆపేస్తే నష్టపోయేది ఎదుటివారొక్కరే కాదు.

అప్పు పూర్తిగా తీరాక అసలు కాగితాలను 30 రోజుల్లో తిరిగి ఇవ్వాలని, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించింది. ఆ ఏడాది డిసెంబరు 1 నుంచి ఇది అమలులో ఉంది. ఇద్దరూ కలిసి తీర్చిన అప్పు అయితే కాగితాలు ఎవరి చేతికి ఇవ్వాలో బ్యాంకుకు ముందే రాతపూర్వకంగా చెప్పుకోవాలి. లేకపోతే కాగితాలు ఎవరికి అందితే వారిదే పైచేయి అవుతుంది.

కాగితం విలువ యిర్మీయాకు తెలుసు. శత్రువులు యెరూషలేమును ముట్టడించిన వేళ అనాతోతులో పొలం కొని, పదిహేడు తులాల వెండి తూచి ఇచ్చి, సాక్షుల ముందు క్రయపత్రం రాయించాడు. ముద్ర వేసినది ఒకటి, ముద్ర వేయనిది ఒకటి, రెంటినీ మట్టికుండలో పెట్టి చాలా దినాలు భద్రపరచమన్నాడు (యిర్మీయా 32:9-14). ప్రవక్త కదా, కాగితాలతో ఏం పని అనుకోలేదు. మన అక్కచెల్లెళ్లు కూడా ఇంటి దస్తావేజు నకలు, అప్పు మంజూరు పత్రం, పాసు పుస్తకాలు తమ దగ్గర ఒక జత పెట్టుకోవడం అనుమానం కాదు, వివేకం.

సంఘ పెద్దల మాట

ఇలాంటి ఇంట్లో మొదట తలుపు తట్టేది వకీలు కాదు, పాస్టరు గారు. "అయ్యగారూ, మీరే చెప్పండి" అని ఇరువైపులవారూ వస్తారు. అయ్యగారు, సంఘ పెద్దలు సమాధానపరచడానికి ప్రయత్నించడం మంచిదే. కానీ రెండు ప్రమాదాలు ఉన్నాయి. ఒకటి, విశ్వాసులు కోర్టుకు పోకూడదని పౌలు కొరింథీయులకు రాసిన మాటను బలహీనుల మీద మాత్రమే ప్రయోగించడం. ఆ అధ్యాయంలోనే అన్యాయం చేసే సహోదరుణ్ణి కూడా పౌలు గద్దించాడు (1 కొరింథీ 6:7-8). రహస్యంగా తనఖా పెట్టినవాణ్ణి వదిలేసి, కోర్టుకు పోయిన స్త్రీని మాత్రమే సంఘ క్రమశిక్షణ కింద నిలబెడితే అది సగం వాక్యం. రెండోది, పెద్దలే ఆస్తి పంచిపెట్టబోవడం. స్వాస్థ్యంలో పాలు పంచమని ఒకడు అడిగితే ప్రభువు తానే ఆ పని పైన వేసుకోలేదు (లూకా 12:13-14). సంఘం గదిలో రాసుకున్న రిజిస్టరు కాని కాగితంతో ఇంటి హక్కు చేతులు మారదు.

షూనేములో ఎలీషాకు గది కట్టించి ఇచ్చిన స్త్రీ కథ ఈ సందర్భంలో గుర్తు చేసుకోవాలి. ఏడేళ్ల కరువులో ఊరు విడిచి వెళ్లి తిరిగి వచ్చేసరికి ఆమె ఇల్లు, పొలం పరుల చేతిలో ఉన్నాయి. ఆమె రాజు దగ్గరకే వెళ్లి మొరపెట్టింది. రాజు ఆమె కోసం ఒక అధికారిని నియమించి, ఇల్లు పొలంతో పాటు, ఆమె వెళ్లిన నాటి నుంచి వచ్చిన పంట రాబడి కూడా ఇప్పించాడు (2 రాజులు 8:1-6). ప్రవక్తకు అతిథ్యమిచ్చిన భక్తురాలే న్యాయాధికారం గల చోటికి వెళ్లింది. దాన్ని ఎవరూ అవిశ్వాసం అనలేదు.

కోర్టు అంటే ఖర్చు అని భయపడేవారికి సంఘం ఒక దారి చూపించవచ్చు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు, షెడ్యూల్డు కులాలవారికి, షెడ్యూల్డు తెగలవారికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. దానికి జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగాలి. 15100కు ఫోను చేసినా దారి చెబుతారు. ఇరువైపులా ఇష్టపడితే లోక్ అదాలత్‌లో రాజీ కుదుర్చుకోవచ్చు. అక్కడి అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు, దావాకు కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. సమాధానాన్ని కోరే పెద్దలు ఇరువురినీ చేయి పట్టుకుని తీసుకువెళ్లదగిన చోటు ఇదే. అక్కడ కుదిరిన సమాధానం కాగితం మీద నిలుస్తుంది.

తలుపు బయట నిలిచినవాడు

ద్వితీయోపదేశకాండములో అప్పు గురించి ఒక విధి ఉంది. పొరుగువానికి అప్పు ఇచ్చినవాడు కుదువ వస్తువు కోసం అతని ఇంట్లోకి చొరబడకూడదు. బయటే నిలబడాలి. అప్పు తీసుకున్నవాడే దాన్ని బయటికి తెచ్చి ఇవ్వాలి (ద్వితీయో. 24:10-11). గుమ్మం లోపల ఉన్నవారి మర్యాదకు దేవుడు గీసిన గీత అది. స్త్రీలను తమకిష్టమైన ఇళ్లలోంచి వెళ్లగొట్టేవారి మీద మీకా ప్రవక్త కోపించింది కూడా ఈ గీత చెరిగిపోయినందుకే (మీకా 2:9).

ఈ రోజు రుణమిచ్చే సంస్థ గుమ్మం దాటి తనంతట తాను రాలేదు. ఆ ఇంట్లో వాటా ఉన్నవారిలో ఒకరు, రెండోవారికి చెప్పకుండా పెట్టిన సంతకమే దాన్ని లోపలికి తీసుకువస్తుంది. కాపురం నిలబడకపోవచ్చు. ప్రేమ తిరిగి రాకపోవచ్చు. ఇల్లు ఎవరిదో కోర్టు తేల్చడానికి ఏళ్లు పట్టవచ్చు. కానీ కలం పట్టుకున్న చెయ్యి ఒక్క క్షణం ఆగి, లోపల ఉన్నవారికి తెలుసా అని అడగడానికి ఏ తీర్పూ అక్కర్లేదు. తెలియదు అన్నది జవాబైతే, కలం కింద పెట్టి ముందు వారికి చెప్పాలి.